ముందు గదిలో టీ

జోవెట్ కొట్టులో టీ డబ్బా మూత తీస్తే చాలు, హెటీ క్రాబ్‌ట్రీ ముక్కుపుటాలు వాటంతట అవే విచ్చుకునేవి. ఆ బుధవారం పొద్దున్న కూడా అంతే. జోవెట్ రేకు గరిటె డబ్బాలోకి దించాడు. నల్లటి టీ ఆకు గలగలమంటూ తక్కెడలో పడింది. హెటీ కౌంటరు మీదకి కాస్త వంగి ఆ వాసన గుండెల నిండా పీల్చుకుంది.

"కొత్త పెట్టె తెరిచావు కదూ? పోయిన నెలదానికంటే పదునుగా ఉంది."

"మీ ముక్కు దగ్గర ఏదీ దాచలేమమ్మా," అన్నాడు జోవెట్ నవ్వుతూ, కాగితం పొట్లం మడుస్తూ.

"చాపెల్‌కి కూడా ఇదే కట్టు. ఏటా కట్టేంత. వార్షికోత్సవం ఇంకెన్నాళ్ళో లేదు, పదకొండు రోజులే."

జోవెట్ చేతులు మడత దగ్గరే ఆగిపోయాయి. అతని చూపు కొట్టు మూలకి పోయింది. హెటీ కూడా అటే చూసింది. అక్కడ అట్టపెట్టెలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మీద దారం కట్టిన చిన్న కాగితపు సంచి బొమ్మ.

"టీ సంచులు," అన్నాడు జోవెట్, ఇంట్లో ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు. "చాపెల్ కమిటీ పెద్ద మిసెస్ ఆర్మిటేజ్ తెప్పించమంది. కుళాయి ఉన్న పెద్ద వేణ్ణీళ్ళ డ్రమ్ము కూడా అద్దెకి తెస్తున్నారట. కప్పులో సంచి పడేసి కుళాయి తిప్పడమేనట. మీకు... మీకు ఎవరూ చెప్పలేదా?"

"చెబుతున్నావుగా నువ్వు."

"మీ మంచికేనమ్మా అన్నారు. మీ చెయ్యి వణుకుతోందట కదా. అంత పెద్ద కూజాతో మరిగే టీ పిల్లల తలల మీదుగా వంచుతుంటే ఏదైనా జరిగితే..." అతను తల గోక్కున్నాడు. "కుళాయి దగ్గర మిసెస్ లమ్ నిలబడుతుందట."

హెటీ తన పొట్లం మాత్రం తీసుకుని బుట్టలో పెట్టుకుంది. వీధి చివరి చిన్న చర్చి ఆ చాపెల్‌లో ఇరవై ఏడు వార్షికోత్సవాలు. వీధి వీధంతా పొడవాటి బల్లల ముందు కూర్చుని ఉంటే, ఇరవై కప్పులు పట్టే ఎనామిల్ కూజా ఎత్తి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా వంచుకుంటూ పోయేది ఆమె ఒక్కతే. ఒక కూజా నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వంచకూడదని అక్కడి పట్టింపు. కాబట్టి ఆ పని ఆమెది తప్ప ఇంకొకరిది కాలేదు. కూజా కూడా ఏడాది పొడుగునా ఆమె వంటింటి అటక మీదే ఉండేది.

అది పోయినందుకు కాదు ఆమెకి ఒళ్ళు భగ్గుమన్నది. కొండ ఎక్కి ఇల్లు చేరేలోగా ఒకే మాట నమిలి నమిలి పిప్పి చేసింది: చెయ్యి వణుకుతోందట.

ఫిబ్రవరిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి వణికింది. వంటింటి బల్ల మీద టీ ఒలికింది. ఎదురుగా కూర్చున్నది పక్కింటి క్లారిస్ లమ్ ఒక్కతే. తన ఏప్రన్‌తోనే బల్ల తుడిచి, "నేను ఎవరికీ చెప్పన్లే," అన్నదీ క్లారిస్ లమే.

*

నాలుగు కాగానే హెటీ ఎప్పటిలాగే నిప్పు ఎగదోసింది. కెటిల్ మూత ఎగిరెగిరి పడుతుండగా మట్టిరంగు చిన్న కూజాలో కాసిని వేడినీళ్ళు పోసి, గిర్రున తిప్పి పారబోసింది. చెంచాతో టీ ఆకు వేసింది. తనకొకటి, క్లారిస్‌కొకటి, కూజాకొకటి. కూజానే కెటిల్ దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు తెర్లుతుండగానే పోసింది. అరక్షణం ఆలస్యమైనా నీటిలో జీవం చస్తుందని ఆమె నమ్మకం. ఒక్కసారి కలియబెట్టి, మూత పెట్టి, వేడి ఆరకుండా కూజాకి ఊలు టోపీ తొడిగింది.

తర్వాత పొయ్యి పక్కన వేలాడే ఇనప ఊచ తీసుకుంది. ఆ గోడకి అవతలి పక్క క్లారిస్ వంటిల్లు. ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ నాలుగింటికి ఆ గోడ మీద మూడు దెబ్బలు. ఆ మూడు దెబ్బలకి గోడ సున్నం అరచెయ్యంత మేర పెచ్చులూడిపోయింది.

ఊచ పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. కొట్టింది. టక్, టక్, టక్.

పెరటి తలుపు తట్టకుండానే తెరుచుకుంది. క్లారిస్ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, వంకీల కోసం తలకి జుట్టు చుట్టలు, వాటి మీద గుడ్డ. కాళ్ళకి ఇంటి చెప్పులే.

"అబ్బ, ఏం చలే! మే నెలా ఇది? నా మోకాళ్ళకి ఇంకా జనవరే," అంటూ తన కుర్చీలో కూలబడి, కొక్కేనికి వేలాడుతున్న నీలిగీత మగ్గు తనే అందుకుంది. అది క్లారిస్ మగ్గే. కాని ఉండేది హెటీ ఇంట్లో. లోపల ముప్ఫై ఏళ్ళ టీ మరక గుర్రపు జీను రంగుకి తిరిగి ఉంది.

హెటీ మగ్గులో ముందు పాలు పోసింది. జల్లెడ పట్టి టీ వంచింది. ఎర్రమట్టి రంగు ధార, దాని వెంట వంటింటినిండా ఆ వాసన. క్లారిస్ రెండు చేతులతో మగ్గు పట్టుకుని తొలి గుక్క తాగి, కళ్ళు మూసుకుంది.

"దీన్ని టీ అంటారు. మా అక్క ఇంట్లో ఇస్తారే, అది గిన్నెలు కడిగిన నీళ్ళే."

"చాపెల్‌లో ఏమైనా కబుర్లున్నాయా?" అంది హెటీ, కేకు మీద వెన్న రాస్తూ.

"ఏముంటాయి?"

"నిన్న కమిటీ కూర్చుందిగా."

"ఆ, కూర్చుంది. ఎప్పుడూ ఉండే సోదే. కుర్చీలు ఎవరు మోయాలి, గిన్నెలు ఎవరు కడగాలి." క్లారిస్ చూపు మగ్గులోనే ఉంది. "మిసెస్ ఆర్మిటేజ్ టోపీ చూడాల్సింది హెటీ. దాని మీద ఏదో పక్షి చచ్చినట్టుంది."

హెటీ నవ్వింది. నవ్వుతూనే చూసింది. నిజం చెప్పడానికి దారి తెరిచి పెడితే, ఈ మనిషి ఎంత తీరిగ్గా కూర్చుని టీ తాగుతోంది! "ఇంకో మగ్గు?" అంది.

"పొయ్యవే. నీ చేతి టీ తాగకపోతే నాకు రోజు గడవదే."

హెటీ పోసింది, అంచుదాకా. ఆ వంటింట్లో క్లారిస్ తాగబోయే చివరి మగ్గు అదేనని పోసే మనిషికి తెలుసు, తాగే మనిషికి తెలియదు. ఆ తేడాలో కూడా ఒక రుచి ఉంది. హెటీ దాన్ని చాలాసేపు నాలుక మీదే ఉంచుకుంది.

*

గురువారం పొద్దున్నే అటక మీంచి చాపెల్ కూజా దించింది. నిండా చన్నీళ్ళు పోసింది. ఆర్నెల్ల బిడ్డంత బరువు. వంటింటి బల్ల మీద ఇరవై కప్పులు వరస పేర్చి, కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేత్తో ముందువైపు చిన్న పిడి పట్టుకుని ఎత్తింది.

మొదటి కప్పులోనే నీళ్ళు సాసరులోకి తుళ్ళాయి.

"వణుకుతావూ?" అంది తన చేతితో. "వణుకు, ఎంతసేపు వణుకుతావో నేనూ చూస్తా."

పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండుదాకా అదే పని. నింపడం, వంచడం, కప్పులు తిరిగి కూజాలోకి ఒంపడం. మోచెయ్యి గాలిలో ఉంటే వణుకు మణికట్టులోకి దిగుతోందని నాలుగో విడతకి పట్టుకుంది. మోచేతిని పక్కటెముకలకి అదిమి పెట్టి, వంచాల్సినప్పుడు చెయ్యి కాక నడుమే వంచితే ధార నిలిచింది. ఊపిరి బిగబడితే తుళ్ళుతోంది, మెల్లగా వదులుతూ వంచితే తుళ్ళడం లేదు. కుడి బొటనవేలు మూత మీద ఉంటే మూత చప్పుడు చెయ్యదు. సాయంత్రానికి నడుం పట్టేసింది. అయితేనేం, సాసర్లు పొడిగా ఉన్నాయి.

నాలుగైంది. ఊచ కొక్కేనికే ఉంది. హెటీ లేచి వెళ్ళి పెరటి తలుపు గడియ పెట్టింది. ఆ గడియ తుప్పు పట్టి ఉంటే అంతకుముందే కొవ్వొత్తి మైనం రాసి ఉంచింది.

నాలుగుంపావుకి తలుపు కదిలింది. మళ్ళీ కదిలింది. గడియ పడి ఉందని క్లారిస్ చేతికి అర్థమవడానికి కొంత టైం పట్టింది.

"ఒసే హెటీ! బతికున్నావా, పోయావా?"

"బతికే ఉన్నా."

"మరి తలుపేంటే? గోడ కొట్టలేదేం?"

"పనుంది."

"నాలుగింటికి నీకు టీ కాక ఇంకేం పనే?"

తలుపవతల ఇంటి చెప్పులు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాయి.

శుక్రవారం చన్నీళ్ళు పోయి వేణ్ణీళ్ళు వచ్చాయి. చెయ్యి కాలింది ఒకసారి, వెన్న రాసుకుని మళ్ళీ ఎత్తింది. మధ్యాహ్నం నీలిగీత మగ్గు కొక్కేనికున్నది తీసింది. గిన్నెలో చాకలి సోడా గుప్పెడు వేసి, మరిగే నీళ్ళు పోసి, మగ్గు అందులో ముంచి పెట్టింది. పావుగంట నానాక పీచు తీసుకుని లోపల తోమింది. ముందు నీళ్ళు తేనె రంగులోకి, తర్వాత గోధుమ రంగులోకి తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు నెమ్మదిగా వదిలి గిన్నెలోకి దిగాయి. ఆ వీధిలో టీ తాగే పాత్ర లోపలికి సబ్బు తగలనిచ్చే ఇల్లాలు లేదు. హెటీ అడుగున గోటితో గీకి మరీ తోమింది. మగ్గు పింగాణీ కొట్లో అప్పుడే కొన్నంత తెల్లగా బయటపడింది.

దాన్ని పాత పేపరులో చుట్టి, మంచి కాగితం మీద కుదురుగా రెండు చీటీలు రాసింది. శనివారం నాలుగింటికి టీకి దయచేయవలసిందిగా మిసెస్ ఆర్మిటేజ్‌కి ఒకటి. అవే మాటలు మిసెస్ లమ్‌కి ఒకటి. రెండో చీటీ, పక్కింటి ముందు తలుపు కింద నుంచి లోపలికి తోసింది.

*

ఆ ఇళ్ళలో ముందు గది శవానికీ, పాస్టరుగారికీ. కుర్చీల మీద లేసు గుడ్డలు, గూట్లో పెళ్ళినాటి పింగాణీ, తెరలు సగం దించి ఉంటాయి. అక్కడ కూర్చోబెట్టారంటే మర్యాద చేస్తున్నారన్నమాట. వంటింట్లో కూర్చోబెట్టారంటే మన మనిషన్నమాట. ముప్ఫై నాలుగేళ్ళలో క్లారిస్ ఆ ముందు గదిలో అడుగుపెట్టింది ఒకే ఒక్కసారి, హెటీ భర్త పెట్టెలో పడుకుని ఉన్నప్పుడు.

శనివారం నాలుగింటికి ఇద్దరూ ముందు మెట్టు మీదే కలిశారు. మిసెస్ ఆర్మిటేజ్ పొడుగాటి మనిషి, పక్షి టోపీతో వచ్చింది. క్లారిస్ జుట్టు చుట్టలు విప్పి, కోటు వేసుకుని, ముఖం చెల్లని నాణెంలా పెట్టుకుని వచ్చింది.

"దయచెయ్యండి మిసెస్ ఆర్మిటేజ్. దయచెయ్యండి మిసెస్ లమ్," అంది హెటీ.

"ఏంటే ఈ వేషాలు?" అంది క్లారిస్ గొంతు తగ్గించి. "మిసెస్ లమ్ ఏంటి? మూడు రోజులనుంచి తలుపుకి గడియేంటి?"

"కోటు ఇలా ఇవ్వండి మిసెస్ లమ్. కుర్చీ సౌకర్యంగా ఉందా? తెర ఇంకాస్త దించమంటారా?"

ఆ 'మీరు' వినగానే క్లారిస్ తలెత్తి చూసింది. అర్థమైంది. ఎంత అర్థమైందో ముఖంలో తెలియలేదు గాని, చేతులు రెండూ ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

బల్ల మీద గంజి పెట్టిన తెల్లటి గుడ్డ. ఆకంత పలచగా కోసిన రొట్టె, షాజీరా కేకు, వెలుతురుకి వేలు కనపడేంత సన్నటి పింగాణీ కప్పులు మూడు. హెటీ లోపలికి వెళ్ళి, రెండు చేతులా చాపెల్ కూజా పట్టుకుని వచ్చింది.

"అరె, ఇది మన చాపెల్‌దే కదా!" అంది మిసెస్ ఆర్మిటేజ్.

"అప్పజెప్పాలి కదండీ. ఖాళీగా ఇవ్వడం బావుండదు."

"మనం ముగ్గురమేగా!" అంది క్లారిస్. "అంత కూజా నిండా పెట్టావా?"

"ఇరవై చెంచాలు, పైన కూజాకి ఒకటి. ఈ కూజాకి నేను ఎప్పుడూ తక్కువ వెయ్యలేదండి మిసెస్ లమ్."

మోచెయ్యి పక్కటెముకలకి ఆనింది. బొటనవేలు మూత మీదకి వెళ్ళింది. ఊపిరి వదులుతూ హెటీ నడుం వంచింది. మిసెస్ ఆర్మిటేజ్ మాట్లాడబోయి ఆగింది. ఎర్రటి ధార పెన్సిలంత సన్నంగా, గాజు కడ్డీలా నిటారుగా పింగాణీలోకి దిగింది. కప్పు అంచుకి వేలెడు తక్కువలో తెగింది. ఒక కప్పు, రెండు కప్పులు, మూడు. గుడ్డ మీద చుక్క లేదు. సాసరులో చుక్క లేదు. కూజా దించి బల్ల మీద పెట్టినప్పుడు కూడా చప్పుడు రాలేదు.

మిసెస్ ఆర్మిటేజ్ తాగింది. టోపీ మీది పక్షి కదిలింది. "ఇలాంటి టీ..." అని మళ్ళీ తాగింది. ఆ ముఖం మీది బింకం ఒక్కొక్క గుక్కకీ కరుగుతూ వచ్చింది. చివరికి కప్పు దించి, ఆవిడ సూటిగా అడిగింది. "మీ చెయ్యి వణుకుతోందని మాకు చెప్పారే?"

"చెప్పినవాళ్ళు కళ్ళారా చూసే చెప్పి ఉంటారండి," అంది హెటీ. "ఇంకొంచెం కేకు వేసుకోండి మిసెస్ లమ్. ఏమీ తినడం లేదు."

క్లారిస్ మెడ ఎర్రబడింది. కప్పు ఎత్తలేదు. టీ మీద తెట్టు కడుతోంది.

"నేను ఆ సంచుల పెట్టెలు వెనక్కి పంపేస్తాను," అంది మిసెస్ ఆర్మిటేజ్. "డ్రమ్మూ వద్దు, గిమ్మూ వద్దు. ఈ టీ తాగాక ఆ కాగితం టీ పిల్లికి కూడా పొయ్యలేం. మీరే ఎప్పటిలా వంచండి మిసెస్ క్రాబ్‌ట్రీ. మాదే పొరపాటు."

ఈ మాట కోసమే హెటీ మూడు రోజులు నడుం విరగ్గొట్టుకుంది. ఆ మాట వచ్చేసింది. అయినా ఆమెకి చాల్లేదు.

"నాకు అరవై ఆరు నిండాయండి. కమిటీవారు ఆలోచించే నిర్ణయం చేశారు. ఆ చోటు మిసెస్ లమ్‌కి ఇచ్చారు, నేను తీసుకోను." ఆమె లేచి, కూజా పిడి క్లారిస్ వైపుకి తిప్పింది. "టీ మాత్రం ఆకు టీనే పెట్టించండి. ఈవిడ నా పక్కన కూర్చుని ముప్ఫై నాలుగేళ్ళు చూసింది. ఎలా వంచాలో ఈవిడకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఏమంటారు మిసెస్ లమ్?"

"నేనా?" అంది క్లారిస్. "హెటీ, నేను... అది కాదు, కుళాయి అయితే నేను..."

"బ్రహ్మాండం!" అంది మిసెస్ ఆర్మిటేజ్ చేతులు తట్టి. "అలాగే చేద్దాం."

క్లారిస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సిగ్గువల్ల అనుకుంది హెటీ. ఆ సిగ్గు చూసి కడుపు నిండింది.

వెళ్ళేటప్పుడు ముందు తలుపు దగ్గర హెటీ ఆమె చేతుల్లో పేపరు పొట్లం పెట్టింది. క్లారిస్ అక్కడే విప్పింది. మగ్గులోకి చూసింది. చాలాసేపు చూసింది. తెల్లటి అడుగు తప్ప అందులో చూడ్డానికి ఏమీ లేదు.

"కడిగేశావా?" అంది, చాలా చిన్న గొంతుతో.

"శుభ్రంగా," అంది హెటీ.

మిగిలిన పదిహేడు కప్పుల టీ, ఆకుతో సహా, పెరట్లో గులాబీ మొక్కల మొదట్లో పోసింది. ఖాళీ కూజా కడిగి తుడిచి, సాయంత్రమే పక్కింటి ముందు మెట్టు మీద పెట్టి వచ్చింది.

*

ఆదివారం హెటీ తన కోసం టీ పెట్టుకుంది. అలవాటు చొప్పున మూడు చెంచాలు వేసింది. నీళ్ళు పోసేశాక గాని గుర్తు రాలేదు. టీ నల్లగా, నాలుక బిగబట్టేలా దిగింది. పారబొయ్యడానికి మనసొప్పక మొత్తం తనే తాగింది, ఎవరికో రుజువు చూపిస్తున్నట్టు. రాత్రి ఒంటిగంటదాకా కళ్ళు మూతపడలేదు.

సోమవారం నాలుగింటికి గోడ మీద చప్పుడైంది.

తన వైపు కాదు, అవతలి వైపు నుంచి. టక్. ఆగి, టక్. ఇంకా చాలాసేపు ఆగి, మూడోది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ గోడ అటునుంచి మోగడం అదే మొదలు.

హెటీ ఏప్రన్ విప్పింది. ఆదివారపు కోటు వేసుకుంది. టోపీ పెట్టుకుని, అది జారకుండా సూది గుచ్చి, చేతి తొడుగులు వేలు వేలుకీ సర్దుకుంది. ముందు తలుపు తీసుకుని వీధిలోకి దిగి, నాలుగడుగులు నడిచి, పక్కింటి ముందు తలుపు తట్టింది.

"పెరట్లోంచి రావే!" క్లారిస్ గొంతు తలుపుకున్న ఉత్తరాల కన్నంలోంచి వచ్చింది. "ఇది బిగుసుకుపోయింది. మా ఆయన్ని మోసుకెళ్ళాక మళ్ళీ తియ్యలేదు."

"నేను ఆగుతాను మిసెస్ లమ్. తొందరేం లేదు."

లోపల తోపులు, తన్నులు. చివరికి తలుపు పెద్ద మూలుగుతో తెరుచుకుంది. క్లారిస్ కళ్ళ కింద నల్లటి చారలు. టోపీనీ, చేతి తొడుగుల్నీ చూసి పక్కకి జరిగింది.

ముందు గది చల్లగా, ముక్కవాసనగా ఉంది. కుర్చీల మీది దుప్పట్లు హడావుడిగా లాగి మూలకి కుక్కి ఉన్నాయి. బల్ల మీద రెండు కప్పులు. వాటి పక్కన చాపెల్ కూజా.

"కూర్చో," అని క్లారిస్ కూజా ఎత్తింది.

మూత టకటకమంది. కప్పు దాకా రాకముందే కూజా ముక్కు అటూ ఇటూ ఊగింది. టీ సాసరులో పడింది, గుడ్డ మీద పడింది, కప్పులో ఎంతో కొంత పడింది. క్లారిస్ రెండు చేతులూ మోచేతులదాకా గాలికి ఆకుల్లా కొట్టుకుంటున్నాయి. కూజా దించేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

హెటీ చూస్తూ కూర్చుంది. రోజూ రెండు చేతులతో పట్టుకునే మగ్గు గుర్తొచ్చింది. కేకు కొయ్యమంటే "నువ్వే కొయ్యి" అనే మాట గుర్తొచ్చింది. ఎప్పుడూ తననే పొయ్యమనడం గుర్తొచ్చింది. తను చూడలేదు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని చూడనే లేదు.

"ఎప్పటినుంచి?"

"కిందటి క్రిస్మస్ ముందునుంచి. డాక్టరు తగ్గేది కాదన్నాడు." క్లారిస్ తుడుచుకోవడానికి ఏప్రన్ వెతుక్కుంది, లేదు. "నువ్వు మానేస్తే తర్వాత నేనే వంచాలని మిసెస్ ఆర్మిటేజ్ పోయిన ఏడే అంది. ఊరందరి ముందూ నేను ఈ చేతులతో... కుళాయి అయితే తిప్పితే చాలు కదా. సంచులు తెప్పిద్దాం అన్నాను. దేనికి అన్నారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"అందుకని నా చెయ్యి చెప్పావు."

"నీది ఒక్కసారే వణికింది. నీకు పోయేదేముంది అనుకున్నా."

క్లారిస్ అరచేత్తో గుడ్డ మీది తడి అద్దింది.

"ఆదివారం దగ్గరికొచ్చేసింది హెటీ," అంది క్లారిస్. "కూజా నువ్వు తీసుకోవే. చెయ్యి బాగానే ఉంది, వంచుతానని ఆవిడతో ఒక్క మాట చెప్పు. నా సంగతి మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

హెటీ చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. కప్పు తీసి, సాసరులోని టీ నెమ్మదిగా కప్పులోకి ఒంపుకుంది. తాగింది. ఆశ్చర్యంగా, టీ కుదిరింది. నీళ్ళు తెర్లుతుండగానే పోసింది, సరిగ్గా ఐదు నిమిషాలు మూత పెట్టింది, పాలు ముందు పోసింది. ముప్ఫై నాలుగేళ్ళు ఊరికే కూర్చోలేదు మనిషి. చివరి చుక్కదాకా తాగి, కప్పు సాసరులో పెట్టింది. మళ్ళీ చేతి తొడుగులు వేసుకుంది, వేలు వేలుకీ.

తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "నేను ఎవరికీ చెప్పన్లే మిసెస్ లమ్," అంది.

క్లారిస్ నోరు తెరిచింది. ఆ మాట ఎవరిదో ఆమెకి తెలుసు. కూజా గురించి హెటీ ఏమీ అనలేదు. కూజా బల్ల మీదే ఉంది.

*

మంగళవారం నాలుగింటికి కెటిల్ మరిగింది. హెటీ టీ డబ్బా తెరిచింది. తనకొకటి, కూజాకొకటి. చెంచా ఇంకోసారి డబ్బాలోకి దిగి, ఆగి, ఖాళీగా పైకొచ్చింది. టీ పెట్టుకుని, పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంది. సరిగ్గా కుదిరింది ఇవాళ, చిక్కగా, ఎర్రగా. తొలి గుక్క వెచ్చగా ఛాతీలోంచి కిందికి దిగింది.

గోడ అవతల చప్పుడు మొదలైంది. కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఎనామిల్ మూత టకటకలు. బల్ల మీద నీళ్ళు చిందిన చప్పుడు, "ఛీ!" అన్న గొంతు. మళ్ళీ కుళాయి.

హెటీ ఆ చప్పుళ్ళు వింటూ తాగింది. ఇంతకంటే కమ్మటి టీ ఈ మధ్య తాగలేదనిపించింది. రెండో కప్పు పోసుకుంది. అవతల మూత టకటక, చిందడం, కుళాయి. మూడో కప్పు. మూత టకటక. వినగా వినగా అది చెవిలో జోరీగలా తొలచడం మొదలుపెట్టింది. తప్పుగా పట్టుకుంటోంది. మోచెయ్యి గాలిలో పెట్టింది, ఇక్కడికే తెలుస్తోంది. ఊపిరి బిగబట్టింది. ఇరవై ఏడేళ్ళు తను ఎత్తిన కూజా అది, అలా మోటుగా మోగుతుంటే ఎంతసేపని వింటుంది?

చటుక్కున లేచి ఊచ అందుకుంది. గోడ మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. సున్నం రాలింది.

అవతల చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"మోచెయ్యి!" అని అరిచింది హెటీ గోడకేసి. "పక్కటెముకలకి ఆనించవే! ఊపిరి వదులు!"

కొంతసేపటికి కుళాయి తిరిగింది. కూజా నిండింది. మూత మోగింది, కాని ఇందాకటికంటే తక్కువ.

హెటీ ఊచ కొక్కేనికి తగిలించింది. పక్క కొక్కెం, నీలిగీత మగ్గు వేలాడేది, ఖాళీగా ఉంది. దాని వైపు చూడకుండా డబ్బా మూత బిగించి, తన కప్పులో మిగిలింది తాగడానికి కూర్చుంది.